బ్రేకు మాస్టారూ మూడు ధైర్యం పుస్తకాలూ

బ్రేకు మాస్టారు ఇప్పటికి ఎన్నిసార్లు చచ్చిపోయాడో చెప్పడం ఎవరి తరమూ కాదు. గుండెపోటుతో పోయాడు. మెదడులో గడ్డతో పోయాడు. పేరు పలకబోతే నాలుక మడతపడే జబ్బులతో వారానికొకటి చొప్పున పోయాడు. పోయిన ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని డ్రైవింగ్ స్కూలుకి టైముకి హాజరయ్యాడు. చావు పనిని ఇంత క్రమశిక్షణతో చేసిన మనిషి ఇంకొకడుంటే తీసుకురండి, ఆయన కథ కూడా రాసేద్దాం.

మాస్టారు ఉద్యోగం డ్రైవరు పక్క సీట్లో. స్కూలు కారు కాబట్టి ఆ సీటు ముందు కూడా ఒక బ్రేకు బిగించి ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో ఏది తొక్కినా, అసలేమీ తొక్కకపోయినా, మాస్టారి కుడికాలు తొక్కేస్తుంది. ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ ఆ కాలికి సొంత బుర్ర మొలిచింది. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, తెర మీద కారు మలుపు తిరిగితే చాలు, కాలు గచ్చుని తొక్కేసేది. సోఫా ముందు మడమంత గుంట పడింది. ఇదెలా పడిందని ఇంటి ఓనరు అడిగితే, మా ఆయన ఇంటి దగ్గర కూడా డ్యూటీ చేస్తారండీ అని మాస్టారి భార్య సమాధానం చెప్పింది. సినిమా హాల్లో కార్లు తరుముకునే సీనొస్తే ముందు వరుసలోవాళ్ళు మాస్టారి తన్నులకి లేచి వేరే సీట్లు వెతుక్కునేవారు.

కాలు అంత పనిమంతురాలైతే చెయ్యి ఊరుకుంటుందా? కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ ఎడమ మణికట్టు మీదే. నాడి. సిగ్నల్ పడిందా, నాడి. బంకు దగ్గర ఆగిందా, నాడి. ఎవరికన్నా నమస్కారం పెట్టాల్సొచ్చినా ఒక్క క్షణం నాడి పట్టుకుని, సరిగ్గానే ఉందనుకుని, అప్పుడు పెట్టేవాడు. అవతలివాళ్ళు ఇదేదో పెద్దల కాలం నాటి మర్యాద కాబోలనుకునేవారు.

ఇంతవరకూ నవ్వులాటే. అసలు గొడవ బట్టల కొట్టాయనతో వచ్చింది. పాపం ఆయన అప్పటికి క్లచ్చేదో బ్రేకేదో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్న దశలో ఉన్నాడు. నడి కూడలిలో మాస్టారి గుండె ఒకసారి దబ్ మని, తర్వాతది రావాల్సిన చోట రాలేదు. అంతే. మాస్టారు తలుపు తీసుకుని, రోడ్డు దాటి, ఎదుటి సందులో ఉన్న క్లినిక్కులోకి చెప్పులు కూడా వదలకుండా దూరాడు. ఈసీజీ తీశారు. ఆ గీతని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవచ్చు, అంత ముచ్చటగా వచ్చింది. ఈలోపు కూడలిలో బట్టల కొట్టాయన, ఇంజను ఆన్‌లో ఉండగా, నాలుగు వైపులా హారన్లు మోగుతుండగా, దొంగలకి లొంగిపోయినవాడిలా రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాడు. ట్రాఫిక్ పోలీసు వచ్చి, చేతులు దించవయ్యా నేనేం అనలేదు అన్నా దించలేదు.

అదే మొదటిసారి అయ్యుంటే స్కూలు ఓనరు క్షమించేవాడే. అంతకుముందు ఒక రిటైరైన లెక్కల టీచరుగారు, అంతకుముందు ఒక పెళ్ళికొడుకు కూడా ఇలాగే నడిరోడ్డు మీద అనాథలయ్యారు. ఓనరంటే పరాయివాడు కాదు, మాస్టారి భార్యకి స్వయానా అన్నయ్య. అందుకే మాటలు కొంచెం దగ్గరతనంతో వచ్చాయి.

“చూడు బావా,” అన్నాడు. “నువ్వు చస్తే చావు, నేను కాదన్ను. కారు పక్కకి తీయించి చావు. ఇంకొక్కసారి నేర్చుకునేవాళ్ళని వదిలేసి దిగావంటే ఆ సీటు నీది కాదు. లోపల ఫోను దగ్గర కూర్చోబెడతా.”

ఫోను దగ్గరంటే మాస్టారికి ఉరిశిక్ష కిందే లెక్క. ఊళ్ళో సగంమంది స్టీరింగు పట్టింది తన కాలి నీడలోనే అని ఆయన గొప్ప. ఆ గొప్ప పోవడం ఒక ఎత్తు. కిటికీ లేని గదిలో, గిర్రున తిరిగే ఫ్యాను కింద, మోగని ఫోను పక్కన, రోజంతా తనూ తన గుండే ఎదురెదురుగా కూర్చోవడం ఇంకో ఎత్తు. అక్కడైతే వారానికొకసారి కాదు, గంటకొకసారి పోవాల్సొస్తుంది.

ఇంట్లో పంచాయితీ జరిగింది. భార్య పట్టుబట్టి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చేయాల్సిన పరీక్షలన్నీ ఒకేసారి చేయించి, కాగితాలన్నీ చూసి, మీ ఒంట్లో జబ్బు లేదు, జబ్బొస్తుందన్న భయం ఉంది, దానికి వేరే వైద్యం ఉంది అన్నాడు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. అక్కడ నెలల తరబడి వరస ఉందని తెలిసింది కాబట్టి, ఈలోపు చదువుకోమని, సొంతంగా సాధన చేసుకునే పుస్తకాలుంటాయని చెప్పాడు. ఆలోచన మార్చుకుంటే అలవాటు మారుతుంది, అలవాటు మార్చుకుంటే భయం దిగుతుంది, ఇదీ వాటి పద్ధతి. భార్య ఆ సాయంత్రమే నీలం అట్టదొకటి కొనుక్కొచ్చింది.

మాస్టారు చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో లెక్కలు వదిలేసి బొమ్మలు చూసిన రకం. ఇప్పుడూ అదే తెలివి ఉపయోగించాడు. సాధన చేయాల్సిన పేజీలన్నీ దాటేసి, భయం వల్ల ఒంట్లో ఏమేం అనిపిస్తాయో చెప్పిన అధ్యాయం మీద పడ్డాడు. పెదాల చుట్టూ తిమ్మిరి అని ఉంది. అప్పటిదాకా ఆయనకి పెదాలున్న సంగతే గుర్తులేదు. రాత్రి భోజనాలకి కూర్చునేసరికి తిమ్మిరి తయారు. మింగుడు పడకపోవడం అని ఉంది. మర్నాటికి అదీ వచ్చింది. ఆ అధ్యాయాన్ని మాస్టారు హోటల్లో మెనూ కార్డులా వాడుకున్నాడు, ఒక్క ఐటమూ వదల్లేదు. శ్రద్ధ ఎక్కడ పెడితే అక్కడ ఏదో ఒకటి అనిపిస్తుందని ఆ పక్క పేజీలోనే రాసుంది. ఆ పేజీ ఆయన తిప్పలేదు.

తర్వాత ఇంకో అనుమానం పట్టుకుంది. ఇదంతా భయమేనని ఈ పుస్తకం అంటోంది సరే, పుస్తకం తప్పైతే? వెళ్ళి పసుపు అట్టది ఇంకొకటి కొన్నాడు. అదీ అదే మాట చెప్పింది. ఇద్దరూ ఒకే మాట చెప్పారంటే ఒకణ్ణి చూసి ఒకడు రాసి ఉండాలి కదా. మళ్ళీ వెళ్ళి తలకింద దిండులా లావుపాటిది తెచ్చాడు. పుస్తకాల షాపాయన, మీరు ఈ సబ్జెక్టులో పరీక్షకేమన్నా కడుతున్నారా సార్ అని గౌరవంగా అడిగాడు.

ఆ లావుపాటి పుస్తకం మూడో అధ్యాయం తెరవగానే మొదటి వాక్యంలోనే మాస్టారి చెంప పగిలింది. ఈ పుస్తకం చెప్పేది నిజమో కాదో తేల్చుకోవడానికి మీరు ఇంకో పుస్తకం కొన్నారా అని అడిగింది అది. కొన్నవాళ్ళు సిగ్గుపడక్కర్లేదట. పదిమందినీ అడగడం, పదిసార్లు పరీక్షించుకోవడం, పది పుస్తకాలు తిరగేయడం అన్నీ ఒకే దురద అట. గోకినంతసేపూ హాయి, ఆపగానే ఇంకాస్త దురద. మాస్టారు గభాల్న పుస్తకం మూసేసి, ఎవరన్నా చూశారేమోనని చుట్టూ చూశాడు.

చూసింది భార్య. ఆవిడ కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పనిచేస్తుంది. రోజంతా చీకట్లో కూర్చున్న జనం పెట్టే కేకలు విని, వెన్నలాంటి గొంతుతో జవాబు చెప్పడం ఆవిడ వృత్తి. ఆయన పడేసిన పుస్తకం తీసి, ఇంట్లోవాళ్ళు ఏం చేయాలన్న పేజీలు వంటింట్లో నిలబడే చదివేసింది. ఇది గడ్డేనంటావా, నా కళ్ళు పచ్చగా ఉన్నాయా అని అడిగినప్పుడల్లా, కాదండీ ఏం లేదండీ అని సముదాయించడం మంచిది కాదని, ఆ సముదాయింపు కోసమే భయం మళ్ళీ మళ్ళీ వస్తుందని అందులో ఉంది. పెళ్ళయిననాటి నుంచీ ఆయన నాలుక చూసీ చూసీ విసిగిపోయి ఉన్న ఆవిడకి ఆ పేజీ వరంలా దొరికింది.

ఆ సాయంత్రం మాస్టారు మెడ తడుముకుంటూ వచ్చి, ఇక్కడేదో తగులుతోంది చూడు అన్నాడు. ఆవిడ కూరగాయల మీంచి తల ఎత్తకుండా, “మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండీ. ఓపిగ్గా సహకరిస్తున్నందుకు ధన్యవాదాలు,” అంది.

“నేను నీ మొగుణ్ణే,” అన్నాడు మాస్టారు.

“అందుకే వెంటనే లైన్లోకి తీసుకున్నాం,” అంది ఆవిడ.

ఇంట్లో తలుపు మూసుకుపోయేసరికి, ఆయన బయట ఒక కిటికీ వెతుక్కున్నాడు. ఆ కిటికీ పేరు పళ్ళ డాక్టరమ్మ.

పళ్ళ డాక్టరమ్మకి సొంత క్లినిక్కుంది, సొంత కారుంది, కారు నడపాలంటే మాత్రం కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. ఎంత పెద్ద మనిషినైనా నోరు తెరిపించి కన్నీళ్ళు పెట్టించగల మనిషి, రోడ్డు మీద ఆటో కనిపిస్తే కళ్ళు మూసుకుంటుంది. ఆవిడ మాస్టారి దగ్గర చేరింది. మొదటి పాఠంలోనే మాస్టారు చెయ్యి చాపి, కొంచెం ఈ నాడి చూస్తారా డాక్టరమ్మగారూ అన్నాడు. నేను పళ్ళ డాక్టర్నండి అంది ఆవిడ. పళ్ళూ ఈ ఒంట్లోనివే కదమ్మా అన్నాడు ఆయన. ఆవిడకి కాదనడానికి కారణం దొరక్క చూసింది. బాగానే ఉంది అంది. మాస్టారి మొహంలో బల్బు వెలిగింది.

అక్కణ్ణించి ఇద్దరికీ మంచి వ్యాపారం కుదిరింది. ఆవిడ అడుగడుక్కీ, ఎవరన్నా వస్తున్నారా మాస్టారూ అని అడిగేది, ఈయన ఎవరూ లేరు పదండి అనేవాడు. ఈయన సిగ్నల్ పడినప్పుడల్లా చెయ్యి చాపేవాడు, ఆవిడ బాగుందండి అనేది. లారీ కనిపిస్తే ఆవిడకంటే ముందు ఈయన కాలు స్పందించేది. ఎడమపక్క సీట్లో ఈయనకి ఆవలింత వచ్చినా, ఈయన కంగారుపడేలోపే ఆవిడే, అది నిద్ర చాలక అని చెప్పేసేది. ప్రపంచంలో ఇంత సుఖమైన డ్రైవింగ్ పాఠాలు ఎవరూ నేర్చుకుని ఉండరు. రెండు భయాలు ఒక కారెక్కి షికారుకెళ్తున్నట్టు ఉండేది.

పరీక్ష రోజున ఆ షికారు బండారం బయటపడింది. పక్క సీట్లో మాస్టారు కాక పరీక్ష అధికారి కూర్చున్నాడు. ఆయన కాళ్ళు ఆయన దగ్గరే పెట్టుకున్నాడు. డాక్టరమ్మ అలవాటుగా, ఎవరన్నా వస్తున్నారాండీ అని అడిగింది. అది నేను మిమ్మల్ని అడగాలమ్మా అన్నాడాయన. మొదటి మలుపులో ఎదురుగా ఒక పిల్లి వచ్చింది. ఆవిడ బ్రేకు తొక్కలేదు, ఎందుకంటే కారు ఎప్పుడూ దానంతటదే ఆగుతుంది కదా. పిల్లికి ఆయుష్షుంది, గోడెక్కేసింది. డాక్టరమ్మ ఫెయిల్.

స్కూలుకి వచ్చి ఆవిడ గొడవేం చేయలేదు. ఓనరు ముందు కూర్చుని, మాస్టారి వైపు తిరిగి, నెమ్మదిగా ఒకే మాట అంది. “ఇన్నాళ్ళూ నేర్చుకున్నాక నాకు డ్రైవింగ్ వచ్చో రాదో నాకే తెలీదు మాస్టారూ. మీ కాలికి తెలుసు.”

ఆవిడ వెళ్ళాక ఓనరు మాస్టారిని చూసిన చూపులో ఫోను గది తలుపు తెరుచుకోవడం కనిపించింది. నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు నువ్వు లేకపోతే అంగుళం కదలరేంటి బావా అన్నాడు. ఇకముందు ఆవిడని పాసయ్యేలా చేస్తే సరి, లేకపోతే ఫోను దగ్గర కుర్చీకి గుడ్డ వేయించి ఉంచుతానన్నాడు.

మాస్టారు ఇంటికొచ్చి, దాటేసిన సాధన పేజీలకి మొదటిసారి వెళ్ళాడు. తన కోసం అయితే వెళ్ళేవాడు కాదు, డాక్టరమ్మ కోసం వెళ్ళాడు. పక్కవాడి భయానికి మందు రాయడంలో మనందరం ఘనులమే. ఏమవుతుందని భయం, దానికి సాక్ష్యం ఏమిటి, ఇంకోలా ఆలోచిస్తే ఏమిటి అని మూడు గళ్ళు గీసి ఉన్నాయి అందులో. లారీ గుద్దేస్తుందని భయం అని డాక్టరమ్మ తరఫున మొదటి గడి నింపాడు. సాక్ష్యం? ఇంతవరకూ ఏ లారీ గుద్దలేదు. ఎందుకు గుద్దలేదు? నా కాలుంది కాబట్టి. ఇక్కడ పెన్ను ఆగిపోయింది. కాలు ఉన్నంతకాలం, గుద్దకపోవడం కాలు గొప్పో డాక్టరమ్మ గొప్పో తేలదు. తేలాలంటే కాలు తీసెయ్యాలి. వేరే దారి ఏ గడిలోనూ లేదు.

ఆయన వేళ్ళు అప్పటికే మణికట్టు మీదున్నాయి. వాటిని చూసి, ఇవీ ఆ కాలు లాంటివేనని తోచి, పెన్ను మూత పెట్టేశాడు. భార్య వచ్చి ఏంటండీ అలా ఉన్నారు అంటే, ఏం లేదు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నా అన్నాడు. ఆవిడ కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మర్నాడు డాక్టరమ్మతో ఒప్పందం చేసుకున్నాడు. పుస్తకం సంగతీ తన సంగతీ ఏదీ దాచకుండా చెప్పేశాడు. ఆవిడకి సగం ముందే తెలుసు, నాడి చూసిన మనిషి కదా. షరతులు ఇవీ: ఈయన బ్రేకు తొక్కడు, ఎవరొస్తున్నారో చెప్పడు. ఆవిడ నాడి చూడదు, బాగుందనదు. నిజంగా ప్రాణం మీదికొస్తే సీట్ల మధ్య చేతి బ్రేకు ఎలాగూ ఉంది. మొదట కాలనీ సందుల్లో తిరిగారు. ఈయన కాలు అయిదారుసార్లు ఒప్పందం తప్పింది. ఆవిడ ప్రతిసారీ, తొక్కారు అని మాత్రమే అంది. ఆ మాటతో మాస్టారికి పరువు పోయినట్టయింది. ఇది చెబితే వినే కాలు కాదని గ్రహించి, బూట్లు విప్పి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, బెల్టు బిగించుకుని మఠం వేసుకు కూర్చున్నాడు. పక్కన బైకు మీద పోతున్న ఒకాయన ఆ దృశ్యం చూసి, ఎవరో స్వాములవారనుకుని దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు.

ఆ అవతారంలోనే ఫ్లైఓవరు ఎక్కారు. మిట్ట మధ్యాహ్నం. ఎక్కుతుంటే బాగానే ఉంది. ఇంకాస్తలో పైకి చేరతారనగా ముందంతా బండ్లు నిలిచిపోయి, అడుగులో అడుగు వేసుకుంటూ కదులుతున్నాయి. ముందు సిమెంటు లారీ. వెనక బస్సు. ఎడమపక్క పిట్టగోడ, దాని అవతల గాలి. డాక్టరమ్మ పెదాలు బిగించి, ఎత్తు మీద కారు వెనక్కి జారకుండా క్లచ్చుతో కుస్తీ పడుతోంది. ఎవరన్నా వస్తున్నారా అని నోటిదాకా వచ్చిన మాటని మింగడం మాస్టారికి కనిపించింది. తనేమో సబ్బు ప్రకటన హోర్డింగును జీవితంలో ఎన్నడూ చూడనంత శ్రద్ధగా చూస్తున్నాడు.

అప్పుడు గుండె దబ్ మంది. తర్వాతది రాలేదు. ఆ తర్వాత బోల్డు ఒకేసారి వచ్చిపడ్డాయి.

అరచేతులు చెమట పట్టాయి. చెవుల్లో ఏదో హోరు. పెదాల చుట్టూ తిమ్మిరి కూడా పిలవని పేరంటానికి వచ్చేసింది. మాస్టారి ఎడమచెయ్యి ఆయన్ని అడక్కుండానే తలుపు పిడి మీదికి వెళ్ళింది. దిగి, పిట్టగోడ పక్కనుంచి నడుచుకుంటూ కిందికి పోతే అటువైపు ఆకుపచ్చ బోర్డు క్లినిక్కుంది. ఈ ఊళ్ళో ఆయనకి తెలియని క్లినిక్కు లేదు. దిగితే ఏమవుతుందో కూడా తెలుసు. సిమెంటు లారీకీ బస్సుకీ మధ్య, ఎత్తు మీద, ఈ మనిషి ఒంటరిగా మిగులుతుంది. తన సీటు ఫోను గదికి పోతుంది. తెలిసినా చెయ్యి పిడి మీదే ఉంది.

డాక్టరమ్మ ఆ చెయ్యిని చూసింది. “మాస్టారూ, మీరు దిగితే నేనూ దిగిపోతాను. కారు ఇక్కడే ఉంటుంది. ముందే చెప్తున్నా,” అంది.

“కొట్టుకుంటోందమ్మా,” అన్నాడు. “ఇది మామూలేనా, కాదా? ఒక్కసారి చెప్పండి. ఒక్కసారే.”

ఆవిడకి చెప్పాలనే ఉంది. నోరు కూడా తెరిచింది. ముందు లారీ బ్రేకు లైటు ఆరింది.

“నేను పళ్ళ డాక్టర్నండి,” అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, క్లచ్చు వదులుతూ.

కారు కదిలింది. మాస్టారు చెయ్యి పిడి మీంచి తీసి, ఏం చేసుకోవాలో తెలీక మోకాలి కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నంత పని చేశాడు. కొట్టుకోవడం ఆగలేదు. నాడి చూడలేదు కాబట్టి ఎంత వేగమో తెలీదు. అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. భయం పీకలదాకా ఎక్కింది. ఎక్కి, అక్కడ కాసేపు దర్జాగా కూర్చుంది. ఎవరూ పలకరించలేదు, మర్యాదలు చేయలేదు, కనీసం మణికట్టు కూడా చేతికివ్వలేదు. మొహం మాడ్చుకుని మెట్టు మెట్టుగా దిగడం మొదలుపెట్టింది. ఫ్లైఓవరు కూడా అప్పుడే దిగుతోంది. దిగుడులో డాక్టరమ్మ సొంత కాలితో సొంత బ్రేకు తొక్కి, ఒక స్కూటరుకి దారిచ్చి, ఆ ఘనకార్యం ఊపులో పక్కనున్న ప్లాస్టిక్ రోడ్డు దిమ్మెని గుద్ది, బంపరు కింద దాన్ని గరగరలాడిస్తూ కింది దాకా ఈడ్చుకొచ్చింది. ప్రాణం లేని దిమ్మె గురించి పట్టించుకునే తీరిక ఎవరికుంది?

కింద ఎడమపక్కకి తీసి ఆపింది. ఎవరూ చెప్పకుండానే ఇండికేటరు కూడా వేసింది. మాస్టారు దిమ్మెని లాగుదామని తలుపు తీసి కాలు కింద పెట్టాడు. కుడికాలు అక్కడ లేదు. ఉంది, కంటికి కనిపిస్తోంది, కానీ నేల తగల్లేదు. తొడ దగ్గర్నుంచి వేళ్ళదాకా మొద్దు. పాత మాస్టారైతే ఈపాటికి పక్షవాతం అని తీర్మానించి, వీలునామా రాసేసి ఉండును. కొత్త మాస్టారు కూడా సగం తీర్మానించాడు. తలుపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి రోడ్డు అవతలికి చూశాడు. ఆకుపచ్చ బోర్డు సరిగ్గా ఎదురుగానే ఉంది. లోపల జనం కూడా లేరు.

డాక్టరమ్మ ఇటు వంగి, ఏమైంది మాస్టారూ అంది.

పుట్టి బుద్ధెరిగాక మాస్టారు ఒంట్లో దేనికీ వాడని మాట ఒకటుంది. అది నోటికి రావడానికి కొంచెం టైము పట్టింది.

“ఏమో,” అన్నాడు.

ఆవిడ చేతి బ్రేకు లాగింది. ఆయన ఒంటికాలి మీద గెంతుకుంటూ కారు ముందుకి వెళ్ళి, బంపరు పట్టుకుని కూలబడి, దిమ్మె లాగడం మొదలుపెట్టాడు. అది బాగా ఇరుక్కుంది. లాగేకొద్దీ కాలిలో చీమలు పాకడం, తర్వాత సూదులు గుచ్చడం, తర్వాత నేల వేడి తగలడం ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. దిమ్మె ఊడొచ్చేసరికి మాస్టారు రెండు కాళ్ళ మీద లేచి నిలబడ్డాడు. దాన్ని పక్కన నిలబెట్టి చేతులు దులుపుకున్నాడు.

“పరీక్ష అధికారికి ఇలా దిమ్మెల్ని ఈడ్చుకొస్తే చెడ్డ చిరాకు,” అన్నాడు. “మళ్ళీ ఎక్కుదాం పదండి.”

డాక్టరమ్మ ఇంజను ఆన్ చేసింది. మాస్టారు సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, కాళ్ళు పైకి లాక్కోవాలా కిందే పెట్టాలా తేల్చుకోలేక, ఒక కాలు పైన ఒక కాలు కింద పెట్టుకునేసరికి, ఆవిడ అద్దంలోకి చూసి కారు కదిలించేసింది.